నీడచెట్టా, పండ్లచెట్టా? ముందు చెట్టు నిద్ర సంగతి చూడాలి

(చలి ప్రాంతాల్లో ఇంటి తోటలు పెంచుకునేవారి సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఉన్నవారికి వినిపిస్తోందా? సరే, మొదలుపెడతాను.

నాకిచ్చిన అంశం "నీడచెట్టా, పండ్లచెట్టా" అని. నిజం చెప్పాలంటే, ఈ ప్రశ్న అడిగేవారిలో ఎక్కువమంది ఏదో ఒకటి మనసులో తేల్చుకునే వస్తారు. నేను ఔననాలి, అంతే. భార్యాభర్తలు కలిసి వస్తే మరీ చిక్కు. ఒకరికి సాయంత్రం కుర్చీ వేసుకోవడానికి నీడ కావాలి, ఇంకొకరికి కొమ్మ వంచి కోసుకునే పండు కావాలి. మధ్యలో నన్ను తీర్పు చెప్పమంటారు. (నవ్వులు) నేను తీర్పు చెప్పను, రెండు ప్రశ్నలు అడుగుతాను. డిసెంబరు మధ్యాహ్నం మీ పెరట్లో ఎండ ఎక్కడిదాకా వస్తుంది? ఏప్రిల్ తెల్లవారుజామున చలి ఎక్కడ పేరుకుంటుంది? ఈ రెండూ తెలియకుండా నర్సరీకి వెళితే, ఆ రోజు అక్కడ ఏది నిండా పూసి ఉంటే అది కొనుక్కుని వస్తాం. నేనూ అలాగే కొన్నాను. ఆ కథ కాసేపట్లో చెబుతాను.

చలి ప్రాంతంలో చెట్టు కొనేటప్పుడు మనం దాని ఆకు చూస్తాం, పువ్వు చూస్తాం, ఎత్తు అడుగుతాం. దాని నిద్ర గురించి ఎవరూ అడగరు. ఎప్పుడు నిద్రపోతుంది, ఎంత గాఢంగా పోతుంది, ఎప్పుడు లేస్తుంది? నీడచెట్టుకైనా పండ్లచెట్టుకైనా సగం జాతకం ఇందులోనే ఉంది. కాబట్టి ముందు నిద్ర గురించి మాట్లాడుకుందాం.

వేసవి చివర ఎండలు ఇంకా బాగానే ఉంటాయి. కానీ పగలు కురచ అవుతోందని ఆకులు పసిగడతాయి. చెట్టు ఎదుగుదల ఆపేసి, కొమ్మ చివరి మొగ్గను పొలుసులతో మూసేస్తుంది. ఇది మొదటి మెట్టు. గడ్డకట్టే రాత్రులు మొదలయ్యాక రెండో మెట్టు వస్తుంది. కణాల్లోని నీరు కొంత బయటికి పోతుంది, లోపల చక్కెరలు పెరుగుతాయి. నిండు వేసవిలో మైనస్ 5 డిగ్రీలు తగిలితే మాడిపోయే యాపిల్ కొమ్మే, జనవరి వచ్చేసరికి మైనస్ 30ని కూడా తట్టుకుంటుంది.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి. నీరు సున్నా దగ్గర గడ్డకడుతుందని మనం చిన్నప్పటి నుంచీ చదువుకున్నాం కదా. ఓక్, ఎల్మ్, యాపిల్, బేరి లాంటి చెట్ల కలపలోని కొన్ని సజీవ కణాల్లో నీరు సున్నా దగ్గర గడ్డకట్టదు. దాదాపు మైనస్ 38, మైనస్ 40 వరకు ద్రవంగానే ఉండిపోతుంది. ఆ గీత దాటగానే ఒక్కసారిగా గడ్డకడుతుంది, కణం చచ్చిపోతుంది. అందుకే ఈ చెట్లకు ఉత్తరాన ఒక ఎల్ల ఉంటుంది. బర్చ్, విల్లో, ఆస్పెన్ చెట్లది వేరే దారి. కణంలోని నీటిని క్రమంగా బయటికి పంపేసి, గడ్డకట్టడమేదో బయటే కానిస్తాయి. అందుకే అవి ఇంకా ఉత్తరానికి వెళ్లగలవు. యాపిల్ చెట్టు ఒక భయంకరమైన చలికాలం దాటాక కొమ్మను అడ్డంగా కోసి చూడండి. బెరడు కింద పచ్చగానే ఉంటుంది, నడుమ కలప ముదురు గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. తోటలవాళ్లు దీన్ని బ్లాక్‌హార్ట్ అంటారు. చెట్టు బతుకుతుంది, పండ్లు కూడా ఇస్తుంది. కానీ లోపల గట్టిదనం పోతుంది. కొన్నేళ్లకు నిండా కాయలున్న కొమ్మ ఫెళ్లున విరిగినప్పుడు, కాయల బరువుకు విరిగిందని అనుకుంటాం.

అమెరికా వ్యవసాయ శాఖ వారి జోన్ల పటం గురించి మీలో చాలామందికి తెలుసు. 1960లో మొదలైంది, 2023లో కొత్తది వచ్చింది. 1991 నుంచి 2020 వరకు ముప్పై ఏళ్లలో ఏటా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రతల సగటు తీసి, దాన్నిబట్టి ప్రాంతాలను 13 జోన్లుగా విడదీశారు. జోన్ 4 అంటే ఆ సగటు మైనస్ 34 నుంచి మైనస్ 29 మధ్య ఉంటుందని అర్థం. మంచి పటమే, నేనూ వాడతాను. కానీ అది చెప్పేది ఒక్కటే: చలి ఎంత లోతుకు దిగుతుందో. ఎప్పుడు దిగుతుందో చెప్పదు. చెట్లను చంపేది చాలాసార్లు ఆ "ఎప్పుడు"నే. జనవరిలో మైనస్ 30 వస్తే మన యాపిల్ చెట్టు ఒత్తిగిలి పడుకుంటుంది. నవంబరు మొదట్లోనే, అది ఇంకా కన్ను మూయకముందే మైనస్ 15 వస్తే, వసంతంలో కొమ్మలు ఎండుకట్టెలై కనిపిస్తాయి.

జోన్ సరిపోయినంత మాత్రాన కూడా ధీమాగా ఉండలేం. రెడ్ మేపుల్ ఫ్లోరిడా నుంచి కెనడా దాకా సహజంగా పెరుగుతుంది. అంతా ఒకే జాతి. కానీ దక్షిణాది విత్తనంతో మొలిచిన మొక్కను ఉత్తరాన నాటితే, అది పాత అలవాటు ప్రకారం ఆలస్యంగా నిద్రపోతుంది. మొదటి గట్టి చలి దాన్ని మెలకువగా ఉండగానే పట్టుకుంటుంది. నర్సరీలో "ఇది మా జోన్‌కు పనికొస్తుందా" అని అందరూ అడుగుతారు. "దీని తల్లిచెట్టు ఎక్కడిది" అని మీరు అడగండి. ఆ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పే నర్సరీ దొరికితే వదలకండి.

సరే, ఇప్పుడు నీడ.

చలి ప్రాంతంలో నీడ నిజంగా కావలసింది ఏడాదికి పది, పన్నెండు వారాలు. మిగిలిన కాలమంతా కావలసింది ఎండే. నీడచెట్టు కొనేవారు ఈ లెక్క వేసుకోరు. "దక్షిణం నుంచే కదా ఎండ వచ్చేది" అని ఇంటికి దక్షిణంగా, పాతిక అడుగుల దూరంలో పెద్ద చెట్టు నాటేస్తారు. నేను చెప్పేదంతా ఉత్తరార్ధగోళం లెక్క, అది గుర్తుంచుకోండి. 45 డిగ్రీల అక్షాంశం దగ్గర జూన్ 21 మధ్యాహ్నం సూర్యుడు నేల నుంచి 68 డిగ్రీల ఎత్తున ఉంటాడు, దాదాపు నడినెత్తి మీద. డిసెంబరు 21న కేవలం 21 డిగ్రీలు. పదిహేను మీటర్ల చెట్టు నీడ జూన్ మధ్యాహ్నం ఆరు మీటర్లే పడుతుంది. అదే చెట్టు నీడ డిసెంబరులో ముప్పై ఎనిమిది మీటర్లు! అంటే ఆ చెట్టు నీడ వేసవి మధ్యాహ్నం మీ గోడను కూడా తాకదు. చలికాలంలో మాత్రం ఇంటిని దాటి వీధిదాకా పరుచుకుంటుంది. "చలికాలంలో ఆకులుండవు కదా" అంటారు. ఆకు రాల్చాక కూడా ఒట్టి కొమ్మలే ఎండలో పావు వంతుకు మించి ఆపేస్తాయి. కొన్ని చెట్లయితే సగం దాకా.

మరి ఎక్కడ నాటాలి? పడమర. వేసవి సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా సూర్యుడు కిందికి దిగి, కిటికీలోంచి తిన్నగా లోపలికి వస్తాడు. ఇల్లు ఉడికిపోయేది అప్పుడే. ఆ ఎండను పై నుంచి పట్టుకునే చెట్టు అక్కర్లేదు, పక్క నుంచి అడ్డుకునే చెట్టు చాలు. తూర్పున ఇంకొకటి ఉంటే మరీ మంచిది. దక్షిణం ఖాళీగా వదిలేయండి, అంతగా కావాలంటే పొదలు వేసుకోండి.

ఇప్పుడు నిద్ర లెక్క ఇక్కడికీ వస్తుంది. మంచి నీడచెట్టు ఆలస్యంగా లేవాలి, వేసవి పని ముగియగానే పడుకోవాలి. కెంటకీ కాఫీ ట్రీ అని ఒకటుంది, నాకు ప్రాణం. దాని శాస్త్రీయ నామం జిమ్నోక్లేడస్, గ్రీకులో "దిగంబర కొమ్మ" అని అర్థం. ఏడాదిలో సగంకాలం మోడులాగే నిలబడుతుంది. మిగతా చెట్లన్నీ చిగురించి పచ్చబడ్డాక కూడా ఇది కదలదు. కొత్తగా నాటినవారు చచ్చిపోయిందని పీకేసిన సందర్భాలు నాకు తెలుసు. (నవ్వులు) పీకేముందు ఆ కొమ్మను గోటితో గీకి చూడండి. బెరడు కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. ఒక్కో ఆకు రెండు, మూడు అడుగుల పొడవుంటుంది, చిన్న చిన్న రేకులుగా విడిపోయి ఉంటుంది. రేకులు రాలి గడ్డిలో కలిసిపోతాయి, ఈనెలు మాత్రం పుల్లల్లా మిగులుతాయి, వాటిని ఊడ్చుకోవాలి. కొమ్మలు కొన్నే, లావుగా ఉంటాయి కాబట్టి చలికాలపు ఎండ ధారాళంగా వస్తుంది. గింజల కాయలు వద్దనుకుంటే మగచెట్టు అడగండి. ముళ్లు లేని హనీ లోకస్ట్ కూడా ఇలాంటిదే, పలచటి నీడ ఇస్తుంది, కింద గడ్డి పెరుగుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు పిన్ ఓక్, బీచ్ లాంటివి. ముఖ్యంగా చిన్న వయసులో, ఎండిన ఆకులను చలికాలమంతా వదలకుండా పట్టుకునే ఉంటాయి. అడవిలో చూస్తే అందమే. దక్షిణ కిటికీ ముందు మాత్రం తెరలా వేలాడుతుంటాయి.

త్వరగా పెరుగుతుందని సిల్వర్ మేపుల్ నాటేవారికి ఒక మాట. త్వరగా పెరిగిన కలప మెత్తగా ఉంటుంది. కొమ్మల సందులు ఇరుకు. వాన పడి కొమ్మ మీదే గడ్డకట్టిన రాత్రి, ఆ మోత మీరు ఇంట్లోంచే వింటారు. ఇంకా ఆకు రాల్చకముందే చెట్టు మీద తడిమంచు పడితే ఏమవుతుందో 2011 అక్టోబరు చివర అమెరికా ఈశాన్య రాష్ట్రాలు చూశాయి. చెట్లు ఇంకా నిండు ఆకులతో ఉన్నాయి, మంచు ఆకుల మీద పేరుకుంది, కొమ్మలు విరిగి కరెంటు తీగల మీద పడ్డాయి. లక్షల ఇళ్లు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయాయి. అదే మంచు మూడు వారాలు ఆగి పడి ఉంటే అంత నష్టం జరిగేది కాదు.

ఏ జాతి అన్నది మీ ఇష్టం. ఓపిక ఉంటే బర్ ఓక్, మైనస్ 35 దాకా నిలుస్తుంది, మీ మనవల మనవలు చూస్తారు. తేనెటీగలు కావాలంటే లిండెన్, పూసినప్పుడు వీధంతా పరిమళం. కానీ వీధి పొడవునా అందరూ వేసినదే మీరూ వేయకండి. ఒకప్పుడు ఉత్తర అమెరికా వీధులన్నీ ఎల్మ్ చెట్లే. 1930 ప్రాంతంలో డచ్ ఎల్మ్ తెగులు వచ్చి వాటిని ఊడ్చిపెట్టింది. ఖాళీ అయిన చోట చాలామంది యాష్ నాటారు. 2002లో డెట్రాయిట్ దగ్గర ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చటి పురుగు కనిపించింది. అది యాష్ చెట్లనూ చంపుకుంటూ పోయింది.

ఇక పండ్లకు వద్దాం. నాకిక్కడ కొంచెం ఎక్కువ సమయం పడుతుంది, ఏమీ అనుకోకండి.

చలిదేశంలో పండు తినాలన్న ఆశ ఎంత మొండిదో చెప్పడానికి పీటర్ గిడియన్ చాలు. పందొమ్మిదో శతాబ్దం నడుమ మిన్నెసోటాలో మిన్నెటోంకా సరస్సు దగ్గర స్థిరపడి, యాపిల్ మొక్కలు నాటుతూ వచ్చాడు. ప్రతి చలికాలం కొన్నిటిని తీసుకుపోయింది. పదేళ్లు గడిచేసరికి దాదాపు ఏమీ మిగల్లేదు. చలికోటు కూడా లేదట. చేతిలో ఉన్న ఆఖరి ఎనిమిది డాలర్లతో కోటు కొనకుండా, మెయిన్ రాష్ట్రం నుంచి యాపిల్ విత్తనాలు, అంటుపుల్లలు తెప్పించుకున్నాడని, పాత బట్టల ముక్కలు కలిపి కుట్టుకుని ఆ చలికాలం గడిపాడని చెబుతారు. ఆ విత్తనాల్లోంచి వచ్చిన ఒక చెట్టు నిలబడింది. 1868లో దానికి భార్య పేరు పెట్టాడు: వెల్తీ. ఆమె పేరే అది. ఉన్నదంతా ఊడ్చి విత్తనాలు కొన్నవాడి యాపిల్‌కు "సంపన్న" అని పేరు రావడం నాకు ఎప్పటికీ ముచ్చటే.

అదే మిన్నెసోటాలో విశ్వవిద్యాలయం వాళ్లు 1960లో చేసిన యాపిల్ సంకరం ఒకటి చలికి దెబ్బతింది. 1977లో దాన్ని పారేయాల్సిన వాటిలో చేర్చారు. తర్వాత వచ్చిన పరిశోధకుడు ఇంకో అవకాశం ఇద్దామని ఉంచాడు. 1991లో విడుదలైంది. అదే హనీక్రిస్ప్. అందుకే ఒక్క చలికాలం చూసి చెట్టును నరికేయకండని నేను అందరినీ బతిమాలుతుంటాను. దీనికి ఎదురు కథ కూడా ఉంది. 1933-34 చలికాలంలో న్యూయార్క్, న్యూ ఇంగ్లండ్ ప్రాంతాల్లో బాల్డ్విన్ అనే రకం పెద్ద సంఖ్యలో చచ్చిపోయింది. అంతవరకు అక్కడ అదే రాజు. ఆ తర్వాత దాని చోటును ఆంటారియో నుంచి వచ్చిన మెకింటాష్ ఆక్రమించింది.

ఇప్పుడు నా ఆప్రికాట్ కథ.

ఇల్లు కొన్న కొత్తల్లో నర్సరీలో నిండా పూసిన ఆప్రికాట్ మొక్క చూసి మనసు పారేసుకున్నాను. చలి ప్రాంతం కదా, వెచ్చగా ఉంటుందని ఇంటి దక్షిణపు గోడకు ఆనించి నాటాను. పెద్ద తెలివి చేశాననుకున్నాను. ఆ గోడ మార్చి ఎండను పట్టి, చెట్టును నిద్ర లేపేసింది. ప్రతి ఏడూ మా వీధిలో అందరికంటే ముందు పూసేది. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు ఆగి చూసేవారు. ఏడేళ్లలో కాయలు కాసింది ఒకే ఒక్క ఏడు.

మొదట్లో నాకు అర్థం కాలేదు. రాత్రి చలి పడేది, పొద్దున్నే వెళ్లి చూస్తే పువ్వులు తెల్లగా, చక్కగానే ఉండేవి. హమ్మయ్య అనుకునేవాణ్ని. రెండు వారాల తర్వాత ఒక్క పిందె ఉండేది కాదు. ఒక పెద్దాయన వచ్చి పువ్వు కోసి, బొటనవేలి గోటితో నిలువుగా చీల్చి చూపించారు. రేకులు నిగనిగలాడుతున్నాయి. నట్టనడుమ, బియ్యపు గింజంత అండాశయం ఉండాల్సిన చోట, నల్లటి చుక్క. పచ్చగా ఉంటే కాయ, నల్లగా ఉంటే లేదు. అంతే పరీక్ష. అప్పటి నుంచి చలి పడిన ప్రతి ఉదయం చెట్టుకు నాలుగువైపులా పది పది పువ్వులు చీల్చి లెక్కపెట్టడం అలవాటైంది.

యాపిల్ పువ్వుకు ఈ అంకెలు గుర్తుంచుకోండి. పువ్వు పూర్తిగా విచ్చుకున్నప్పుడు అరగంట పాటు మైనస్ 2.2 డిగ్రీలు ఉంటే పదో వంతు పువ్వులు చస్తాయి. మైనస్ 3.9 ఉంటే తొంభై శాతం. ఈ రెంటికీ మధ్య తేడా రెండు డిగ్రీలు కూడా లేదు! అదే మొగ్గ కొన వెండిరంగుకు తిరిగే దశలో అయితే మైనస్ 9 దాకా పెద్దగా నష్టం ఉండదు. అంటే వారం ముందు లేచినా తేడానే, వారం తర్వాత లేచినా తేడానే. ఒక ఊరట: యాపిల్ చెట్టు పువ్వుల్లో పదో వంతు నిలిచినా నిండు కాపే. తొంభై శాతం పోయినంత మాత్రాన ఏడవక్కర్లేదు, ఆ మిగిలిన పది ఎక్కడున్నాయో వెతకండి. సాధారణంగా పైకొమ్మల్లో ఉంటాయి.

2012లో మిచిగన్‌లో మార్చి నెల వేసవిలా కాసింది. చెట్లన్నీ నెల ముందే లేచాయి. ఏప్రిల్‌లో మామూలు ఏప్రిల్ చలే వచ్చింది, అసాధారణమేమీ కాదు. రాష్ట్రపు యాపిల్ పంటలో దాదాపు తొంభై శాతం పోయింది. చెట్లు మాత్రం బతికే ఉన్నాయి.

అందుకే చలి ప్రాంతానికి పండ్లచెట్టును ఎంచేటప్పుడు నేను పూత వరస చూస్తాను. ఆప్రికాట్ అందరికంటే ముందు లేస్తుంది. తర్వాత ప్లమ్, పీచ్, చెర్రీ, బేరి. యాపిల్ అందరికంటే వెనక. అది తీరిగ్గా లేస్తుంది కాబట్టే చలిదేశాల్లో రాజ్యమేలుతోంది. పీచ్‌కు ఇంకో చిక్కు, నిద్రలో ఉండగానే మైనస్ 25 దగ్గర పూమొగ్గలు చచ్చిపోతాయి. చెట్టు ఆకులు వేస్తుంది, పువ్వు ఉండదు. మీకు నీడచెట్టు ఉచితంగా వచ్చినట్టు. (నవ్వులు)

చలి గంటల మాట మీరు వినే ఉంటారు. సున్నా నుంచి ఏడు డిగ్రీల మధ్య గడిచిన గంటలను చెట్టు లెక్కపెట్టుకుంటుంది. చాలా యాపిల్ రకాలకు ఎనిమిది వందలు, వెయ్యి గంటలు కావాలి. అంత నిద్ర అయితే గానీ, ఎంత ఎండ కాసినా లేవవు. వెచ్చని ప్రాంతాల కోసం తయారుచేసిన రకాలకు రెండు, మూడు వందల గంటలు చాలు. అలాంటివి "తొందరగా కాపుకొస్తాయి" అని ఎవరైనా అంటగడితే తీసుకోకండి. జనవరిలో నాలుగు రోజులు ఎండ కాస్తే చాలు, తెల్లారిందనుకుని లేచి కూర్చుంటాయి.

ఇంతవరకు చెట్టు పైభాగం గురించి. యాపిల్ మొక్క నిజానికి ఇద్దరి కాపురం. పైన రకం, కింద వేరుమూలం, మధ్యలో అంటు. పైరకం మైనస్ 35 తట్టుకుంటుందని చీటీ మీద ఉంటుంది, కింద వేరు సంగతి ఉండదు. వేళ్లు కొమ్మలంత గాఢంగా నిద్రపోవు. యాపిల్ వేళ్లు నేలలోనే మైనస్ 10, 12 దగ్గర దెబ్బతింటాయి. మంచు ఒక అడుగు మేర కప్పి ఉంటే నేల వెచ్చగానే ఉంటుంది, మంచు లేని చలే వేళ్లకు గండం. ఎం9 అనే పొట్టి వేరుమూలం ప్రపంచమంతా ప్రసిద్ధం, చలికి మాత్రం సున్నితం. రష్యాలోని మిచూరిన్‌స్క్ నుంచి వచ్చిన బుడగోవ్‌స్కీ 9 అంతే పొట్టిగా ఉంచుతుంది, చలికి గట్టిది, ఆకులు ఎర్రగా ఉంటాయి. అంతోనోవ్‌కా అనే రష్యన్ యాపిల్ విత్తనం నుంచి వచ్చే వేరుమూలం అయితే మొండిఘటం. పూర్తి పెద్దచెట్టు అవుతుంది, కాపుకు ఆరేడేళ్లు ఆగాలి.

వేరుమూలం గురించి ఒక పొరుగాయన కథ. చలికి ఆయన చెట్టు పైభాగం చచ్చిపోయింది. వసంతంలో చెట్టు మొదట్లోంచి చిగుళ్లు వస్తే "బతికింది" అని సంబరపడి నాలుగేళ్లు నీళ్లు పోశారు. కాసినవి గోలీలంత పుల్లటి కాయలు. అంటు కట్టిన చోటుకు కింద నుంచి వచ్చింది మీ చెట్టు కాదు. నాటేటప్పుడు ఆ అంటు బుడిపె ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి.

కుందేళ్ల గురించి ఒక్క మాట చెప్పి పనుల్లోకి వస్తాను. మొదలుకు రెండడుగుల వల చుట్టి నిశ్చింతగా ఉంటాం. మంచు రెండడుగులు పడుతుంది. కుందేలు దాని మీద నిలబడి, వల పైన ఉన్న లేత బెరడును తీరిగ్గా చుట్టూ కొరికి తింటుంది. వల ఎత్తు నేల నుంచి కాదు, మంచు పై నుంచి లెక్కపెట్టాలి. కింద ఎలుకలు మంచులో సొరంగం తవ్వుకుని వస్తాయి, కాబట్టి వల అడుగు మట్టిలో దిగి ఉండాలి. ఫిబ్రవరి ఎండ కూడా ఇలాంటి దొంగే. మధ్యాహ్నం నైరుతివైపు బెరడును వెచ్చబెట్టి కణాలను లేపుతుంది, పొద్దు గూకగానే చలి వాటిని చంపుతుంది. వేసవికి అక్కడ నిలువునా పగులు కనిపిస్తుంది. తెల్లటి తొడుగు గానీ, నీళ్లు కలిపిన తెల్ల రంగు గానీ చాలు. లేత మేపుల్‌కూ, లిండెన్‌కూ ఇదే వర్తిస్తుంది.

పని సంగతి దాచకుండా చెబుతాను. నీడచెట్టు మొదటి మూడేళ్లు నీళ్లు అడుగుతుంది, తర్వాత మిమ్మల్ని మరచిపోతుంది. పండ్లచెట్టు మిమ్మల్ని ఎప్పటికీ మరచిపోనివ్వదు. చలి ఇంకా వదలని రోజుల్లో నిచ్చెన ఎక్కి కత్తిరింపులు చేయాలి, జూన్‌లో పిందెలు పలచబరచాలి, పురుగు చూసుకోవాలి, రాలిన కాయలు ఏరాలి. ఏరకపోతే కందిరీగలు వస్తాయి. కూర్చునే చోట పండ్లచెట్టు వద్దని నేననేది ఇందుకే. పైగా యాపిల్‌కు తోడు కావాలి, తన రకం పుప్పొడి తనకు పనికిరాదు. దగ్గరలో వేరే రకం యాపిలో, క్రాబ్ యాపిలో ఉండాలి. ఫిబ్రవరిలో నిచ్చెన ఎక్కే మనసు మీకుందా? లేదంటే సిగ్గుపడక్కర్లేదు, లిండెన్ నాటుకోండి.

సరే, ప్రశ్నలు తీసుకుందాం.

(ఒక శ్రోత: రెండూ పెట్టాలంటే ఎలా?)

చోటుంటే పెట్టవచ్చు. నీడచెట్టును పడమరకో వాయవ్యానికో నాటి, పండ్లచెట్టును దానికి బాగా దక్షిణంగా నాటండి. పండుకు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు నేరుగా పడే ఎండ కావాలి. ఈ రోజు పొట్టిగా ఉన్న లిండెన్ పదిహేనేళ్లకు ఎక్కడిదాకా నీడ పరుస్తుందో ముందే కొలుచుకోండి. నల్ల వాల్‌నట్ ఉన్న చోట మాత్రం యాపిల్ వద్దు. దాని వేళ్ల నుంచి వచ్చే జుగ్లోన్ అనే పదార్థం యాపిల్‌కు పడదు.

(మరొక శ్రోత: ఒక్క చెట్టుకే చోటుంది. నీడా పండూ రెండూ కావాలి.)

రెండు పడవల మీద కాళ్లు పెట్టే చెట్టు ఒకటుంది. అంతోనోవ్‌కా మీద కట్టిన పెద్ద యాపిల్. ఎనిమిది, తొమ్మిది మీటర్లు పెరుగుతుంది, కింద నలుగురు కూర్చోవచ్చు. కాకపోతే ఆరేడేళ్లు ఆగాలి, పైకొమ్మల కాయలు పక్షులకు వదిలేయాలి, చుట్టుపక్కల ఎవరి పెరట్లోనైనా ఇంకో యాపిల్ ఉండాలి. అంత నీడ అక్కర్లేదంటే పుల్ల చెర్రీ. ఒంటరిగానే కాస్తుంది, చలికి తీపి చెర్రీ కంటే చాలా గట్టిది. సర్వీస్‌బెర్రీ కూడా మంచిదే, కానీ పండు మీకు దక్కాలంటే పక్షుల కంటే ముందు లేవాలి.

(మరొక శ్రోత: మీ ఆప్రికాట్ ఇప్పుడు ఎలా ఉంది?)

నరికేశాను. ఎనిమిదో ఏడు మనసు గట్టి చేసుకుని తీసేశాను. ఆ గోడ పక్కన ఇప్పుడేమీ లేదు, చలికాలం ఎండ తిన్నగా ఇంట్లోకి వస్తోంది. పడమర కాఫీ ట్రీ ఉంది. యాపిల్‌ను మాత్రం ఇంటికి ఈశాన్యపు మూల వేశాను. వసంతంలో అక్కడ ఎండ ఆలస్యంగా చేరుతుంది, వేసవిలో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాటేదాకా నిండుగా ఉంటుంది. పెరడు మొత్తంలో మంచు అందరికంటే ఆలస్యంగా కరిగేది అక్కడే. నాటేటప్పుడు మా ఇంట్లోవాళ్లు నాకు మతిపోయిందనుకున్నారు. పక్కింటి యాపిల్ పూసిన వారానికి గానీ మాది పూయదు. పోయిన ఏడు మే మొదటి వారంలో చలి పడిన రోజు వెళ్లి మొగ్గ కోసి చీల్చాను. లోపల పచ్చగా ఉంది.